మూడవ రోము వాదము: ప్రాచీనసామ్రాజ్యమును మతమును ఆధునికయుద్ధములకు కారణములా?

ఏదేని యొక మహాయుద్ధము సంభవించినపుడు దాని మూలమును దూరకాలమునందు వెదకుట విద్వాంసులకును వార్తాపత్రికలకును సమానముగ నలవాటైనది. రోమకసామ్రాజ్యము నిజముగ కూలిపోలేదనియు, వేషము మార్చుకొని నేటికిని సేనలను నడుపుచున్నదనియు, మతములు తమ పాతపగలను మరువక క్రొత్త యాయుధములతో తీర్చుకొనుచున్నవనియు వాదించు రచనలు పెక్కు వెలువడినవి. 2022 ఫిబ్రవరి 24వ తేదిని రష్యా సేనలు యుక్రెయిను దేశముపై దండెత్తిన పిమ్మట నీ వాదమునకు నూతనబలము చేకూరినది. మాస్కో నగరము తన్ను తాను 'మూడవ రోము'గా నెంచుకొనుచున్నదనియు, పదునాఱవ శతాబ్దినాటి యొక సన్న్యాసి వ్రాసిన లేఖయే నేటి ఫిరంగులకు మంత్రమనియు పలువురు వ్రాసిరి.

ఈ వాదము వినుటకు సొంపైనది. వినసొంపైన దెల్ల సత్యము కానేరదు. లేఖ, రాజముద్రిక, వంశావళి, స్థలపురాణము ఇవి యన్నియు వాఙ్మయమున చేరినవే. వాఙ్మయమునకు పరీక్షాపద్ధతి కలదు. ఎవ్వరు వ్రాసిరి, ఎవ్వరికి వ్రాసిరి, ఎందులకు వ్రాసిరి, తరువాత నెవ్వరు ఏ యక్కఱతో చదివిరి అను నాలుగు ప్రశ్నలకు నిలిచినంతవరకే యే వాదమైనను నిలుచును. ఇది కేవలము పండితవినోదము కాదు. యుద్ధకారణము తప్పుగ నిర్ణయింపబడినచో సంధిమార్గమును తప్పుగనే యేర్పడును. వేయి సంవత్సరముల సంస్కారమే జనులచేత పోరు సలుపించుచున్నదన్నచో, పోరు నాజ్ఞాపించినవారిపై దోషమేమియు మిగులదు. పోరు మాన్పుటకు మానవప్రయత్నమునకు తావును ఉండదు. కావున నీ వాదమును దాని మూలపత్రములయందే పరీక్షించుట యవసరము.

1. లేఖ

మూడవ రోము వాదమునకు మూలపురుషుడు ఫిలొఫెయి యను సన్న్యాసి. ప్స్కోవు నగరసమీపమునందలి యెలియాజరు మఠమున నాతడు నివసించెను. ప్స్కోవు 1510వ సంవత్సరమున మాస్కో యేలికలో కలిసినది. ఆ నగరమున మాస్కో ప్రభువుయొక్క కార్యదర్శిగ నుండిన మునేఖిను అను నుద్యోగికి ఫిలొఫెయి రమారమి 1523-24 సంవత్సరములలో నొక లేఖ వ్రాసెను. ఆ లేఖయొక్క విషయము సామ్రాజ్యము కాదు, జ్యోతిషము. మాస్కోలో వైద్యుడుగ నుండిన నికొలాసు బ్యూలో అను జర్మను దేశీయుడు, 1524లో గ్రహసంయోగమువలన మహాజలప్రళయము సంభవించునను ప్రవచనమును ప్రచారము చేయుచుండెను. రాజ్యముల యుదయాస్తమయములు నక్షత్రములచేత గాక దైవసంకల్పముచేత జరుగునని స్థాపించుటకు సన్న్యాసి లేఖ నుపక్రమించెను. ఆ సందర్భముననే, పూర్వపు రోము మతభ్రష్టతచేత పోయినదనియు, రెండవ రోమైన కాన్‌స్టాంటినోపిలు 1453లో తుర్కుల వశమైనదనియు, మిగిలిన ధర్మరాజ్యము మాస్కోయే యనియు, దాని తరువాత వేఱొకటి రాదనియు నాతడు భావించెను.

ఈ మాటలను విజయఘోషగ చదువుట నేటి యలవాటు. లేఖనంతయు చదివినవారికి దానియందు వినబడునది భయము. మిగిలిన రాజ్యమొక్కటియే యైనచో నది పతనమైన దినమున లోకమునకే యంతము. కావున ప్రభువు పాపభీతితో వర్తింపవలెనని తాత్పర్యము. మహారాజునకు వ్రాయబడినదని చెప్పబడు మఱియొక లేఖయందును దండయాత్రల ప్రసక్తి లేదు. దేవాలయముల యాస్తి నపహరింపవలదు, ఖాళీగ నున్న పీఠాధిపత్యమును పూరింపవలెను, దురాచారముల నడపవలెను అనునవియే యందలి హితవులు. పరదేశమును జయింపుమని గాని, కాన్‌స్టాంటినోపిలును తిరిగి గైకొనుమని గాని ఫిలొఫెయి యెచ్చటను చెప్పలేదు.

తరువాతి చరిత్ర మఱింత విచిత్రమైనది. 1589లో మాస్కోకు పేట్రియార్కను మతాధిపతి పదవి లభించినపుడు, ఆ స్థాపనాపత్రమున మూడవ రోము మాట కనబడును. అచ్చట దానియర్థము మాస్కో మఠపీఠముయొక్క గౌరవమే. పదునేడవ శతాబ్దియందు నికొను అను పేట్రియార్కు పూజాగ్రంథములను గ్రీకుప్రతుల ననుసరించి సంస్కరింపగా, పూర్వాచారపరులు ఈ మాటనే గైకొని ప్రభుత్వముపై ప్రయోగించిరి. గ్రీకుల రాజ్యము పాపముచేత పోయినదైనచో, మూడవ రోము వారి పుస్తకములను చూచి తన పుస్తకములను దిద్దుకొనుట యేమని వారి ప్రశ్న. అట్లు రాజ్యస్తుతిగ భావింపబడు వాక్యము రాజద్రోహుల వాక్యమైనది. ఆ పిమ్మట నది చిరకాలము మఱుగుపడియుండెను. ఫిలొఫెయి లేఖలు అచ్చుపడినది పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున. విశాలజనులు వానిని చదివినదియు నప్పుడే. 1869లో దనిలేవ్స్కీ 'రష్యా, ఐరోపా' యను గ్రంథమున స్లావుజాతుల కూటమికి కాన్‌స్టాంటినోపిలు రాజధాని కావలెనని వాదించుటయు, 1876-77లో దొస్తొయేవ్స్కీ తన పత్రికయందు ఆ నగరము రష్యాకే చెందవలెనని వ్రాయుటయు నాకాలమునకు చెందినవే. అదే యుగమున, 1894లో, సొలొవ్యోవు అను తత్త్వవేత్త యొక పద్యమున మూడవ రోముయొక్క పతనమును హెచ్చరికగ వర్ణించెను.

ఒక్క వాక్యమునకు నాలుగు శతాబ్దులలో నిన్ని యర్థములు కలిగినవి: జ్యోతిషఖండనము, పీఠగౌరవము, రాజనింద, రాజ్యకాంక్ష, పతనభీతి. ఇన్ని విధములుగ వంగిన వాక్యము తానై యెవ్వరిని నడిపినదని చెప్పుట కష్టము. నడిచినవారు దానిని తమకు వలసిన దిక్కునకు త్రిప్పుకొనిరని చెప్పుట న్యాయము.

2. ముద్రిక, కిరీటము, నగరనామములు

లేఖ నిలువకున్నను రాజచిహ్నములు నిలుచునని పూర్వపక్షులు చెప్పుదురు. మూడవ ఇవాను 1472లో కడపటి రోమకచక్రవర్తి సోదరుని కుమార్తెయగు సోఫియాను వివాహమాడెను. రెండుతలల గ్రద్ద మాస్కో ముద్రికపై కనబడినది. కావున నల్లునిద్వారా సామ్రాజ్యవారసత్వము సంక్రమించినదని వారి యూహ. కాని యా వివాహమును ప్రతిపాదించినది రోమునగరపు పోపు. తుర్కులపై యుద్ధమునకును, మతసంఘముల యైక్యమునకును మాస్కో తోడ్పడునని యాతని యాశ. ఆశ ఫలింపలేదు. గ్రద్దముద్రిక 1497నాటిది, అనగా వివాహమునకు ఇరువదియైదేండ్ల పిమ్మటిది. జర్మను చక్రవర్తులతో సమానస్థాయిని ప్రకటించుకొనుటకే మాస్కో దానిని స్వీకరించినదని వాదించిన చరిత్రకారులును కలరు.

మొనొమాఖుని కిరీటముయొక్క కథ యింతకంటె స్పష్టము. కాన్‌స్టాంటిను మొనొమాఖను రోమకచక్రవర్తి యా కిరీటమును కీవు ప్రభువైన వ్లదీమిరు మొనొమాఖునకు పంపెనని పదునాఱవ శతాబ్ది కథనము. ఆ చక్రవర్తి 1055లో మరణించెను. ఆ ప్రభువు 1053లో జన్మించెను. రెండేండ్ల శిశువునకు కిరీటము పంపబడెనని కథకుని భావమైయుండదు. కాలగణన నాతడు విచారింపలేదు. ఆ బంగారుపని మధ్యాసియా లేక తాతారు శిల్పుల దని పలువురు పరిశోధకుల యభిప్రాయము. అనగా రోముయొక్క చిహ్నమని చెప్పబడునది, రష్యాను చిరకాలమేలిన తాతారు ఖానుల జాడయై యుండవచ్చును. ఆ కథనమే మాస్కో రాజవంశమును అగస్టసు చక్రవర్తి బంధువుతో ముడిపెట్టినది. వేంగీచాళుక్య శాసనములయందలి చంద్రవంశావళులను పరిశీలించిన తెలుగు పాఠకునకు నిట్టి వంశావళి యాశ్చర్యము గొల్పదు. వంశావళి రాజు చేయబోవు పనికి కారణము కాదు, చేసిన పనికి గౌరవము. నాలుగవ ఇవాను 1547లో 'త్సారు' బిరుదమును ధరించిన పిమ్మట కాన్‌స్టాంటినోపిలు మతపీఠమునుండి యంగీకారపత్రము తెప్పించుకొనుటకు పెక్కేండ్లు పట్టుటయే యీ గౌరవము ఎంత ప్రయత్నముచే సంపాదింపబడినదో తెలుపును.

మఱియొక నిదర్శనము నగరముల పేర్లయందు కలదు. రెండవ కాథరిను రాజ్ఞి తుర్కులను జయించి 1774లో సంధి చేసికొని 1783లో క్రిమియాను కలుపుకొనెను. ఆమె రెండవ మనుమనికి కాన్‌స్టాంటినను పేరిడి, భవిష్యత్తున కాన్‌స్టాంటినోపిలు సింహాసనమున కాతనిని సిద్ధపఱుప నూహించెను. ఆమె మంత్రియైన పొత్యోంకిను నల్లసముద్రతీరమున క్రొత్తనగరములను నిర్మించి వానికి గ్రీకుపేర్లు పెట్టించెను. ఖెర్సొను, మరియుపోలు, సెవస్తొపోలు, సిమ్‌ఫెరొపోలు, ఆతని మరణానంతరము ఒదెస్సా అట్లు పేరుపొందినవే. ప్రాచీన ఖెర్సొనీసు నగరపు శిథిలములు సెవస్తొపోలు దాపున నుండగా, ఆ పేరు బహుదూరమున ద్నీపరు నదీతీరమునందలి నూతనదుర్గమునకు వచ్చినది. నేడు ప్రాచీనస్మృతులుగ వినబడు నీ నామములు పదునెనిమిదవ శతాబ్ది కార్యాలయమున రచింపబడిన కావ్యము వంటివి. ఆ కావ్యము ప్రభావశూన్యమని మాత్రము చెప్పరాదు. 2022 అక్టోబరులో ఖెర్సొనును విడిచిపోవుటకు ముందు రష్యాపక్షము వారు అచ్చటి దేవాలయమునుండి పొత్యోంకిను నస్థికలను తమతో కొనిపోయిరి. నగరము నిలుపుకొనజాలనివారు పేరు పెట్టినవాని యెముకలను నిలుపుకొనిరి. ఈ విషయము ముందు మఱల విచారింపవలసియున్నది.

3. బెత్లెహేము తాళపుచెవులు

మతమే యుద్ధకారణమనుటకు సుప్రసిద్ధమైన దృష్టాంతము 1853-56 నాటి క్రిమియాయుద్ధము. బెత్లెహేమునందలి క్రీస్తుజన్మస్థానాలయమున రోమన్ కాథలిక్కులకును ఆర్థడాక్సులకును చిరకాలకలహము కలదు. అచ్చటి గుహయందలి లాటినక్షరముల వెండినక్షత్రము 1847లో మాయమయ్యెను. ద్వారముల తాళపుచెవు లెవ్వరియొద్ద నుండవలెనను తగవు పెరిగినది. కాథలిక్కులకు ఫ్రాన్సు, ఆర్థడాక్సులకు రష్యా పక్షము వహించినవి. రెండు పక్షముల మధ్య సుల్తాను చిక్కుకొనెను. తాళపుచెవికై మహాయుద్ధము జరిగినదని చెప్పుట యిట్లు వాడుకలోనికి వచ్చినది.

కాలక్రమమును చూచిన నిది నిలువదు. పుణ్యస్థలముల తగవు 1853 మే మాసారంభమునకే సుల్తాను నాజ్ఞాపత్రములచేత పరిష్కృతమైనది. యుద్ధము దాని పిమ్మట వచ్చినది. పరిష్కారమునకు మీదు రష్యా రాయబారి మెన్షికోవు కోరిన దేమనగా, సుల్తాను రాజ్యమునందలి కోటికి పైబడిన యార్థడాక్సు ప్రజలపై రష్యాకు రక్షణాధికారమును సంధిపత్రముచేత నొప్పుకొనవలెనని. అట్టి సంధి పరరాజ్యమున రెండవ ప్రభుత్వమును స్థాపించుటయే యని సుల్తాను నిరాకరించెను. జూలైలో రష్యా సేనలు డాన్యూబు సంస్థానముల నాక్రమించెను. అక్టోబరులో తుర్కీ యుద్ధము ప్రకటించెను. 1854 మార్చిలో బ్రిటను, ఫ్రాన్సు క్రైస్తవరాజ్యములై యుండియు ముస్లిము సుల్తానుపక్షమున నిలిచినవి. ఆస్ట్రియాయు రష్యాకు ప్రతికూలమైనది. 1856 మార్చి 30వ తేది పారిసుసంధియందలి ముఖ్యనిబంధన నల్లసముద్రమున యుద్ధనౌకలును ఆయుధశాలలును ఉండరాదనుట. 1870లో రష్యా త్రోసిపుచ్చినదియు నా నిబంధననే. ఏ వస్తువుకొఱకు సంధి వ్రాయుదురో ఆ వస్తువే యుద్ధముయొక్క విషయము. క్రిమియాయుద్ధమున నది నౌకలు, తాళపుచెవులు కావు.

అయినను నొక విశేషము మిగులును. తాళపుచెవుల తగవు తీరిన పిమ్మట నికొలసు చక్రవర్తి వెనుదీయుటకు వీలుండెను. ఆర్థడాక్సుల రక్షకుడనని లోకమునకు చాటుకొన్న యాతనికి, అల్పలాభముతో తృప్తిపడుట ధర్మత్యాగముగ కనబడినది. మతము యుద్ధమును పుట్టింపలేదు గాని, యుద్ధమునుండి తప్పించుకొను దారిని మూసినది. ఈ భేదమే యీ విమర్శకు ప్రాణము.

4. ఒకే మతమువారు, మతము లేనివారు

కారణనిర్ణయమునకు తార్కికులు చెప్పు నన్వయవ్యతిరేకములు రెండును ఇచ్చట ప్రయోగింపవచ్చును. మతము సమానమైన చోట యుద్ధము లేకుండవలెను. మతము లేనిచోట యుద్ధోద్దేశము లోపింపవలెను. రెండును కానరావు.

1913లో బల్గేరియా యొకవైపునను, సెర్బియా, గ్రీసు, రుమేనియాలు వేఱొకవైపునను పోరాడినవి. ఈ నాలుగును ఆర్థడాక్సు దేశములే. అంతకు ముందటి సంవత్సరమున బల్గేరియా సేనలు కాన్‌స్టాంటినోపిలు సమీపమునకు రాగా, ఆ నగరము క్రైస్తవుల వశమగునని రష్యా సంతోషింపలేదు. దానిని బల్గేరియా గైకొనరాదని వారించినది. 1916లో రష్యను, బల్గేరియను సైనికులు దొబ్రూజాలో పరస్పరము చంపుకొనిరి. ఇక 1915 మార్చిలో బ్రిటను ఫ్రాన్సులు కాన్‌స్టాంటినోపిలును జలసంధులను రష్యాకిత్తుమని రహస్యముగ నొడంబడినవి. అందు గ్రద్దముద్రికయు సోఫియాదేవాలయమును జనులకు చెప్పబడిన కారణములు. రష్యా ధాన్యపు టెగుమతిలో పెద్దభాగము ఆ యిరుకుదారినే పోవుచుండుట, 1914లో నది మూతపడుట మంత్రులకు తెలిసిన కారణములు.

1917 విప్లవానంతరము రష్యాను మతమును త్రోసివేసిన ప్రభుత్వ మేలినది. ఆ ప్రభుత్వము రహస్యపు టొడంబడికలను బయలుపెట్టి కాన్‌స్టాంటినోపిలుపై హక్కు వదలుకొనెను. 1931లో మాస్కోనందలి క్రీస్తురక్షకాలయమును కూల్చెను. అట్టి ప్రభుత్వమే 1945-46లో జలసంధులయందు సైనికస్థావరములను తుర్కీనుండి కోరెను. రోమును మతమును మరచిన పిమ్మటను సముద్రద్వారము మరపునకు రాలేదు. 1941 నవంబరులో జర్మనుసేనలు మాస్కో దాపునకు వచ్చియుండగా స్టాలిను తన యుపన్యాసమున అలెగ్జాండరు నెవ్స్కీ మున్నగు ప్రాచీనవీరులను స్మరించెను. నెవ్స్కీ రాజే గాక సాధువుగ పూజింపబడువాడు. 1943 సెప్టెంబరులో మతాధిపతులను పిలిపించి పేట్రియార్కు పదవికి మఱల ఎన్నిక జరుగనిచ్చెను. నాస్తికులు యుద్ధము వచ్చిన పిమ్మట సాధువులను పిలిచిరి. సాధువులు నాస్తికులను యుద్ధమునకు పిలువలేదు.

5. నేటి యుద్ధముయొక్క వాఙ్మయము

2014లో రష్యా క్రిమియాను కలుపుకొనెను. ఆ డిసెంబరు 4వ తేది యుపన్యాసమున రష్యాధ్యక్షుడు వ్లదీమిరు పుతిను, ప్రాచీన ఖెర్సొనీసు స్థలము యూదులకును ముస్లిములకును యెరూషలేమునందలి ఆలయగిరి యెట్లో రష్యాకట్లే పవిత్రమని చెప్పెను. కీవు ప్రభువైన వ్లదీమిరు క్రీ. శ. 988 ప్రాంతమున క్రైస్తవమతమును స్వీకరించిన స్థలమది యనుటయే యాధారము. ఆ యాధారము పండ్రెండవ శతాబ్ది యారంభమున కీవునందు సంకలనము చేయబడిన పురాతనవృత్తాంతసంగ్రహము. ఆ గ్రంథకర్తయే యా ప్రభువు కీవులో బాప్తిస్మము పొందెనని కొందరును, వసీల్యెవులో పొందెనని కొందరును చెప్పుచున్నారని తెలిపి, వారి మాట నిరాకరించి, తన మతమును స్థాపించెను. అనగా తొమ్మిదివందల యేండ్లక్రిందటనే స్థలనిర్ణయము వివాదగ్రస్తము. అదే వ్లదీమిరుని నాణెములపై త్రిశూలము యుక్రెయిను రాజచిహ్నము. అదే ప్రభువునకు 1853లో కీవునందును 2016లో మాస్కోయందును విగ్రహములు వెలసినవి. యుద్ధారంభకాలమున రెండు దేశముల యధ్యక్షులకును ఆతని పేరే. ఒక పూర్వికుడు రెండు సేనలకు ధ్వజమైనపుడు, ఆతనిని దేనికి కారణమనవలెను?

సెవస్తొపోలునకు మఱియొక వర్ణన కలదు. అది రష్యా నల్లసముద్రనౌకాదళపు స్థావరము. 1997 ఒడంబడిక ప్రకారము 2017 వఱకును, 2010 ఒడంబడిక ప్రకారము 2042 వఱకును రష్యాకు కౌలు కలదు. 2014లో కీవునందు ప్రభుత్వము మారగా నా కౌలు నిలుచునా యను శంక కలిగినది. స్థలపురాణము తొమ్మిది శతాబ్దులుగ నుండినది. దండు కదలినది కౌలు సంశయమున పడిన సంవత్సరమున.

2021 జూలై 12వ తేదిని రష్యాధ్యక్షుని పేర వెలువడిన దీర్ఘవ్యాసమును పరిశీలించినను నిట్లే తోచును. ప్రాచీన రూసుదేశపు ఏకత్వము, ఏకమతము, 1654 నాటి పెరెయాస్లావు ప్రమాణము అందు చెప్పబడినవి. కాని వ్యాసముయొక్క బరువు ఇరువదవ శతాబ్దిపై, అనగా బోల్షెవిక్కులు గీసిన సరిహద్దులపై నున్నది. మూడవ రోము ఆ వాదమునకు మూలస్తంభము కాదు. 2022 జూనులో నాతడు తన్ను పోల్చుకొన్న ప్రాచీనుడు పేతురు చక్రవర్తి. మాస్కోను విడిచి క్రొత్త రాజధాని నిర్మించి, 1721లో పేట్రియార్కు పదవిని రద్దుచేసి, పాశ్చాత్యపద్ధతిని 'ఇంపెరాటరు' బిరుదము ధరించినవాడు పేతురు. మూడవ రోము వాదమునకు ఇంతకంటె విరోధియగు నాదర్శపురుషుడు దొరకుట యరుదు.

మాస్కోసమీపమున 2020 జూను 14న ప్రతిష్ఠింపబడిన సైన్యదేవాలయము మఱియొక పత్రము. దాని గుమ్మటపు వ్యాసము 19.45 మీటర్లు, గంటగోపురము 75 మీటర్లు. మొదటిది 1945వ సంవత్సరమునకు, రెండవది విజయానంతరము గడచిన 75 సంవత్సరములకు గుర్తు. మెట్లయందు జర్మనుల యాయుధములు కరగించి కలిపిన లోహము కలదు. ఈ దేవాలయమున పవిత్రసంఖ్య 1453 కాదు, 1945. సజీవులైన జనుల తాతలు చూచిన యుద్ధమే అచ్చట పురాణమైనది. ప్రాచీనసామ్రాజ్యమును వెదకబోయినవారు సమీపకాలపు స్మృతిని చూడక దాటిపోవుచున్నారు.

మతబంధము సేనను వారించిన దృష్టాంతమును కానరాదు. ఒదెస్సాయందలి రూపాంతరదేవాలయము 1936లో కూల్చబడి, తరువాత పునర్నిర్మితమై, 2010లో మాస్కో పేట్రియార్కు కిరిలుచేతనే ప్రతిష్ఠింపబడినది. 2023 జూలై 23వ తేదిని రష్యా క్షిపణిదాడియందు నదియే భగ్నమైనది. మంత్రించిన చేయి యొకటి, కొట్టిన చేయి యొకటి. రెండును ఒకే పక్షము చేతులు. రోము, మతము ఈ యుద్ధమునకు నాయకములైనచో నా కప్పుపై నాయుధము పడకూడదు.

6. సిద్ధాంతము

ఇంతవఱకు వచ్చిన వాదమువలన, పూర్వకాలపు సామ్రాజ్యమును మతమును కేవలము అలంకారములని తేల్చివేయుట సులభము. పెక్కుమంది విమర్శకు లచ్చటనే నిలిచిరి. అదియును పొరపాటు. ఇందు మీమాంసకుల పరిభాష మిగుల నుపకరించును. వారు వాక్యములను విధి యనియు నర్థవాద మనియు విభజింతురు. కార్యమును శాసించునది విధి. ఆ కార్యమందు ప్రవృత్తి పుట్టించుటకు స్తుతి చేయునది యర్థవాదము. వాయుదేవతకు శ్వేతపశువు నర్పింపుమనుట విధి. వాయువు మిక్కిలి శీఘ్రగామి యనుట యర్థవాదము. అర్థవాదమునకు స్వతంత్రముగ శాసనాధికారము లేదు. విధితో కూడియే యది సార్థకము.

రష్యా యుద్ధవాఙ్మయమున నౌకాశ్రయము, సరిహద్దు, పొరుగుదేశము ఏ కూటమిలో చేరవలెనను నధికారము, పాలకుల స్వరక్షణ ఇవి విధిస్థానము వహించినవి. మూడవ రోము, ఖెర్సొనీసు పుణ్యతీర్థము, పవిత్రరూసు ఇవి యర్థవాదములు. 1524నుండి నేటివఱకు నీ యర్థవాదము విధి మాఱిన ప్రతిసారియు తానును మాఱినది. ఇది మొదటి నిర్ణయము.

రెండవది దీనికంటె ముఖ్యమైనది. శాస్త్రమునందు అర్థవాదము విధికి లోబడియుండును, రాజ్యమునందట్లు లోబడియుండదు. పలుమారు చెప్పబడిన స్తుతి కొంతకాలమునకు తానే శాసనమగును. నికొలసు చక్రవర్తి కట్లే జరిగినది. 2022 సెప్టెంబరు 30న రష్యా యుక్రెయినులోని నాలుగు మండలములను తనలో కలుపుకొన్నట్లు ప్రకటించి రాజ్యాంగమున వ్రాసికొనెను. భూభాగమును వదలుట కూడదని 2020 నాటి సవరణ యప్పటికే కలదు. ఆ సెప్టెంబరుననే, సైనికధర్మమును నెఱవేర్చుచు మరణించువాని పాపములు కడుగబడునని పేట్రియార్కు బోధించెను. 2024 మార్చి 27న నాతని యాధ్వర్యమునందలి ప్రపంచ రష్యను ప్రజాసభ యీ యుద్ధమును పవిత్రయుద్ధమని పేర్కొనెను. కౌలునకు గడువు కలదు. సరిహద్దునకు బేరము కలదు. పుణ్యస్థలమునకు గడువును లేదు, బేరమును లేదు. పాపవిమోచనమని చెప్పి పంపిన పుత్రుని తల్లికి, ఆ భూమిని సగము వదలుకొంటిమని యే మంత్రి చెప్పగలడు?

రెండవ పక్షమునందును మతము గోడయైనది. 2018 అక్టోబరులో మాస్కో మఠపీఠము కాన్‌స్టాంటినోపిలుతో సంబంధము తెంచుకొనెను. 2019 జనవరిలో యుక్రెయిను సంఘమునకు స్వాతంత్ర్యపత్రము లభించెను. 2022 మే మాసమున మాస్కోకు లోబడియుండిన యుక్రెయిను శాఖయు తాను స్వతంత్రమని ప్రకటించెను. 2023లో యుక్రెయిను ప్రభుత్వము క్రిస్మసు సెలవును జనవరి 7నుండి డిసెంబరు 25నకు మార్చెను. 2024 ఆగస్టులో మాస్కోతో సంబంధము గల మతసంఘములను నిషేధింప వీలిచ్చు శాసనము చేసెను. మతభేదమువలన యుద్ధము రాలేదు. యుద్ధమువలన మతభేదము వచ్చినది. వచ్చిన భేదము మాత్రము ఫిరంగులతోపాటు మౌనము వహింపదు. పండుగ నొకే దినమున జరుపుకొనని బిడ్డలు దానిని మోయుదురు.

కావున ప్రాచీనసామ్రాజ్యము నేటి యుద్ధములను నడుపుచున్నదా యను ప్రశ్నకు, ఆరంభవిషయమున లేదనియు, అంతవిషయమున కలదనియు సమాధానము. పాతరోము కత్తి నొరనుండి తీయదు. తీసిన కత్తిని ఒరలో పెట్టనీయదు. దండెత్తినవారి దోషమును వేయేండ్ల చరిత్రపై మోపుట యెంత తప్పో, ఆ చరిత్రను వల్లించిన కవులను, మతాచార్యులను, చరిత్రకారులను నిర్దోషులని విడిచిపెట్టుటయు నంత తప్పు. ఫిలొఫెయి లేఖను పూర్తిగ చదివియున్నచో ప్రభువులకు దానియందు దొరకెడిది దండయాత్రాజ్ఞ కాదు, తమ పాపములకు తామే యుత్తరవాదులను హెచ్చరిక. ప్రాచీనగ్రంథములను సంగ్రహముగ నుదాహరించుట రాజుల పని. సమగ్రముగ చదివి చూపుట పరిశోధకుల పని. ఆ రెండవ పని జరుగనిచోట మొదటి పని నాపువారు లేరు.